శిక్ష మారింది, రహస్యం మారలేదు: ‘అహల్య’ లఘుచిత్రంలో జెండర్, కథనం, ప్రక్రియ

వ్యాససంగ్రహం: సుజయ్ ఘోష్ దర్శకత్వంలో 2015లో వెలువడిన బెంగాలీ లఘుచిత్రం ‘అహల్య’ పురాణకథను థ్రిల్లర్‌గా మలచింది. పురాణంలో స్త్రీకి పడిన శిక్ష ఇక్కడ పురుషుడికి పడటంతో దీనిని స్త్రీపక్ష పునఃకథనంగా పరిగణించడం వాడుకైంది. ఆ అభిప్రాయాన్ని ఈ వ్యాసం తెలుగు సాహిత్యంలోని అహల్యా కథాసంప్రదాయం వెలుగులో పునఃపరిశీలిస్తుంది. థ్రిల్లర్‌లో జెండర్ ప్రశ్న శిక్ష ఎవరికి పడిందన్న దానికంటె, రహస్యం ఎవరి అధీనంలో ఉందన్న దానిపై ఎక్కువగా ఆధారపడుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అహల్య, లఘుచిత్రం, థ్రిల్లర్, పునఃకథనం, సమ్మతి, వోల్గా.

1. ప్రవేశిక

తెలుగు పాఠకులకు బెంగాలీ అపరాధ పరిశోధక సాహిత్యంతో పరిచయం కొత్తది కాదు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలోనే బెంగాలీ డిటెక్టివ్ నవలలు తెలుగులోకి అనువాదమయ్యాయి. ఆనాడు ఒక కథ కలకత్తా నుండి తెలుగునేలకు చేరాలంటే అనువాదకుడు, ప్రచురణకర్త, గ్రంథాలయం అనే మూడు మెట్లు దాటవలసి ఉండేది. అంతర్జాలంలో విడుదలయ్యే లఘుచిత్రానికి ఆ మెట్లు లేవు. దేవనకొండ ప్రాంతపు విద్యార్థికి సైతం, కొల్‌కతాలో తయారైన పద్నాలుగు నిమిషాల చిత్రం ఉపశీర్షికలతో చేతిలోని ఫోనులోనే లభిస్తుంది. ఆ ప్రేక్షకునికి బెంగాలీ రాకపోవచ్చు గాని అహల్య కథ తెలుసు. హరికథలోనో, పాఠ్యపుస్తకంలోనో, ఇంటిలో పెద్దల నోటనో విన్న అహల్యను వెంటబెట్టుకొనే అతడు ఈ చిత్రాన్ని చూస్తాడు. అందువల్ల తెలుగు అహల్యల పక్కన నిలిపి ఈ చిత్రాన్ని చదవడం తెలుగు సాహిత్య విమర్శకు సహజమైన పని.

2015 జూలైలో యూట్యూబ్‌లో విడుదలైన ‘అహల్య’లో సౌమిత్ర ఛటర్జీ, రాధికా ఆప్టే, టోటా రాయ్ చౌధురి ప్రధాన పాత్రధారులు. దర్శకుడు సుజయ్ ఘోష్ అప్పటికే ‘కహానీ’ (2012) అనే హిందీ థ్రిల్లర్‌తో ప్రసిద్ధుడు. చిత్రం వెలువడిన వెంటనే దేశవ్యాప్తంగా చర్చ జరిగింది. మనుషులు బొమ్మలుగా మారే కల్పన సత్యజిత్ రాయ్ ‘ప్రొఫెసర్ శంకు’ కథలలో ఒకదానిని గుర్తుచేస్తుందని కొందరన్నారు. అహల్యకు ఎట్టకేలకు న్యాయం జరిగిందని ఇంకొందరు మెచ్చుకున్నారు. ఈ రెండవ అభిప్రాయమే ప్రస్తుత పరిశీలనకు విషయం.

2. చిత్రకథ – కథన నిర్మాణం

ఇంద్ర సేన్ అనే పోలీసు అధికారి, అర్జున్ అనే యువకుడు కనిపించకుండా పోయిన వ్యవహారంలో విచారణకై గౌతమ్ సాధు అనే వృద్ధ కళాకారుని ఇంటికి వస్తాడు. తలుపు తీసిన యువతి అహల్య. ఆమె గౌతమ్ భార్య. సౌమిత్ర ఛటర్జీ 1935లోనూ, రాధికా ఆప్టే 1985లోనూ జన్మించారు. పాత్రధారుల మధ్య ఉన్న ఈ యాభై ఏళ్ల అంతరం దంపతుల వయోభేదాన్ని మాటల అవసరం లేకుండా ప్రేక్షకునికి చెబుతుంది. ఆ ఇంటిలో వరుసగా పేర్చిన బొమ్మలున్నాయి. అవి జీవకళ ఉట్టిపడేట్టున్నాయి. వాటిలో ఒకటి కనిపించకుండా పోయిన అర్జున్‌ను పోలి ఉంటుంది.

తన వద్ద ఒక రాయి ఉన్నదనీ, దానిని పట్టుకున్నవాడు తాను కోరుకున్న మనిషి రూపం పొందగలడనీ గౌతమ్ చెబుతాడు. అధికారి నమ్మడు. పరీక్షించి చూడమని గౌతమ్ ప్రోత్సహిస్తాడు. రాయితో పైగదికి వెళ్లిన ఇంద్రను అహల్య భర్తగానే భావించి పలకరిస్తుంది. అద్దంలో అతనికి తన ముఖానికి బదులు గౌతమ్ ముఖం కనిపిస్తుంది. నిజం చెప్పి బయటికి రావడానికీ, రూపాన్ని వాడుకొని ఆమెను చేరడానికీ మధ్య అతడు రెండవ దారి ఎంచుకుంటాడు. ఆపై అతడూ ఆ బొమ్మల వరుసలో ఒకడవుతాడు. లోపలి స్పృహ పోదు, గొంతు మాత్రం బయటికి వినపడదు.

నిర్మాణపరంగా ఈ కథనం చాలా పొదుపైనది. ఒక ఇల్లు, మూడు పాత్రలు, ఒక సాయంత్రపు రాకపోకల వంటి క్రియ. ఇంద్ర, గౌతమ్, అహల్య అన్న పేర్లే పూర్వకథను ప్రేక్షకుని మనసులో నిలుపుతాయి కనుక, జరగబోయే దానిని అతడు కొంత ఊహించగలడు. ఆ ఊహను ఎక్కడ తలకిందులు చేయాలన్నదే దర్శకుని ముందున్న కథనసమస్య. థ్రిల్లర్ సాధారణంగా తెలియనిదానిపై ఆధారపడుతుంది. ఈ చిత్రం తెలిసినదానిపై ఆధారపడి, ముగింపును మాత్రమే తెలియనిదిగా ఉంచింది. ఇది ఈ చిత్రం సాధించిన విశిష్టత.

3. పూర్వకథలోని కీలక ప్రశ్న

అహల్య కథ ఏ రూపంలో చెప్పినా ఒక ప్రశ్న దానిని వెంటాడుతుంది: వచ్చినవాడు ఇంద్రుడని అహల్యకు తెలుసా, తెలియదా? వాల్మీకి బాలకాండలో ఆమెకు తెలుసు. మునివేషంలో ఉన్నవాడు ఇంద్రుడని గుర్తించే, దేవరాజుపై కుతూహలంతో అంగీకరిస్తుంది. ఉత్తరకాండలోని కథలో ఆమె మోసపోయినది. ఒకే కావ్యంగా చదువుకొనే గ్రంథంలో రెండు సమాధానాలు ఉండటమే ఈ ప్రశ్న ఎంత చిక్కనిదో తెలుపుతుంది.

శిక్ష విషయంలోనూ ప్రచారంలో ఉన్న కథకూ బాలకాండకూ భేదముంది. బాలకాండలో అహల్య రాయి కాలేదు. గాలి తప్ప ఆహారం లేక, బూడిదలో, ఎవరికీ కనపడకుండా తపించమని గౌతముడు శపించాడు. రామలక్ష్మణులు ఆమె పాదాలకు నమస్కరించారు. శిలగా మారడం, పాదధూళి సోకి స్త్రీ కావడం అనేవి తరువాతి కావ్యపురాణాల ద్వారా స్థిరపడిన అంశాలు. అదేవిధంగా ఇంద్రుడు శిక్ష తప్పించుకున్నాడన్న భావన కూడా సరికాదు. బాలకాండలో గౌతముని శాపంతో అతడు వృషణాలు కోల్పోయాడు. కనుక ఇంద్రునికి శిక్ష విధించడమే ఆధునిక చిత్రం చేసిన నూతన కల్పన అనడానికి వీలులేదు. నూతనత్వం మరొకచోట ఉంది. ఒకరికి శరీరలోపం, మరొకరికి చైతన్యలోపం అన్నట్లుగా ఇద్దరికీ పంచిన శిక్షను చిత్రం ఒక్క పురుషునికే ఇచ్చింది. అందులోనూ లోకంలో అహల్యకు రూఢమైన శిలాశిక్షనే అతనికి బదిలీ చేసింది. ఈ బదిలీని స్త్రీకి జరిగిన న్యాయంగా భావించవచ్చునా అన్నది పరిశీలించాలి.

4. తెలుగులో అహల్యలు

తెలుగు కవులు ఈ ప్రశ్నను తమ తమ కాలాలకు తగినట్టు ఎదుర్కొన్నారు. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణంలో ఇంద్రుడు కోడి రూపు దాల్చి కూస్తాడు. వేకువ అయిందని భ్రమించిన గౌతముడు స్నానానికి బయలుదేరుతాడు. ద్విపదలో సాగే ఈ కల్పన, పల్లెజీవితంలో కాలాన్ని కొలిచే ధ్వనినే మోసానికి సాధనం చేసింది. కథనదృష్టితో చూస్తే ఇది థ్రిల్లర్‌కు అవసరమైన పన్నాగమే. అయితే అక్కడ పన్నాగం ఇంద్రునిది, మోసపోయినది గౌతముడు. లఘుచిత్రంలో పన్నాగం గౌతమ్‌ది, మోసపోయినవాడు ఇంద్ర. రెండింటా అహల్య పన్నాగానికి కర్త కాదు.

పద్దెనిమిదవ శతాబ్దికి చెందిన సముఖము వేంకటకృష్ణప్ప నాయకుని ‘అహల్యాసంక్రందనము’ ఈ వరుసలో ప్రత్యేకమైనది. మధుర నాయకరాజుల కాలపు దక్షిణాంధ్ర శృంగార ప్రబంధమిది. ఇందులో అహల్య మోసపోదు. అహల్యా ఇంద్రుల పరస్పరానురాగమే ప్రబంధవస్తువు. నీతిదృష్టితో ఈ ప్రబంధాన్ని నిరసించిన విమర్శకులున్నారు. కాని ‘తెలిసీనా, తెలియకనా’ అన్న ప్రశ్నకు ఇంత సూటిగా సమాధానమిచ్చిన తెలుగు కావ్యం మరొకటి అరుదు. ఈ అహల్యకు కోరిక ఉంది. ఆ కోరిక తనదని ఆమెకు తెలుసు.

విశ్వనాథ సత్యనారాయణ ‘శ్రీమద్రామాయణ కల్పవృక్షం’లోని అహల్యాఖండం మరొక దిశ. రాముని మీదినుండి వచ్చిన గాలి సోకి రాతికి స్పర్శ కలగడం, ఆపై ఒకటొకటిగా ఇంద్రియాలు మేల్కొనడం అందులోని ప్రసిద్ధ ఘట్టం. శాపవిమోచనాన్ని బయటినుండి చూసే అద్భుతంగా గాక, రాతి లోపలినుండి కలిగే అనుభవంగా విశ్వనాథ చిత్రించారు. లఘుచిత్రం ముగింపుతో దీనిని పోల్చడం ఉపయుక్తం. అక్కడ రాయి ఇంద్రియాలను పొందుతూ స్త్రీ అవుతుంది. ఇక్కడ ఇంద్రియాలున్న పురుషుడు రాతివంటి బొమ్మలో చిక్కుకుంటాడు. రెండు సందర్భాలలోనూ రచయిత ఆ స్థితిని లోపలినుండి చూపాడు. తేడా ఏమంటే, విశ్వనాథ ఆ అంతరంగదృష్టిని అహల్యకు ఇచ్చారు. సుజయ్ ఘోష్ దానిని ఇంద్రకు ఇచ్చారు. చిత్రం మొత్తంలో ప్రేక్షకుడు ఎవరి లోపలికైనా వెళ్లగలిగితే అది ఇంద్ర లోపలికే. శిలాశిక్షతో పాటు ఆ శిక్షను అనుభవించే చైతన్యం, దాని వల్ల పొందే సానుభూతి కూడా పురుషునికే బదిలీ అయ్యాయి.

5. పరిశోధన నుండి అద్భుతానికి

ఫ్రెంచి సాహిత్యసిద్ధాంతవేత్త త్స్వెతాన్ తొదరోవ్ అపరాధ పరిశోధక కథలో రెండు కథలుంటాయని చెప్పాడు. మొదటిది జరిగిపోయిన నేరం కథ, రెండవది దానిని తెలుసుకొనే పరిశోధన కథ. రెండవ కథ ముగిసేసరికి మొదటిది వెల్లడి కావాలి. ‘అహల్య’ ఈ చట్రంలోనే మొదలవుతుంది. అర్జున్ ఏమయ్యాడన్నది మొదటి కథ, ఇంద్ర విచారణ రెండవ కథ. రాయి ప్రస్తావనతో కథనం మరో ప్రక్రియలోకి అడుగుపెడుతుంది. తొదరోవే ‘ఫంటాస్టిక్’ అనే ప్రక్రియకు చేసిన నిర్వచనం ప్రకారం, జరిగినదానికి లౌకిక కారణమున్నదా, అలౌకిక కారణమున్నదా అని పాఠకుడు తేల్చుకోలేని ఊగిసలాటే దాని ప్రాణం. అద్దంలో గౌతమ్ ముఖం కనిపించేవరకు ప్రేక్షకుడు ఆ ఊగిసలాటలో ఉంటాడు. ఆ తరువాత సందేహం తీరి, కథ అద్భుతంలో స్థిరపడుతుంది.

ఈ ప్రక్రియాసంక్రమణంలో పరిశోధన కథ పూర్తవుతుంది గాని, విచిత్రమైన రీతిలో పూర్తవుతుంది. అర్జున్ ఏమయ్యాడో ఇంద్రకు తెలుస్తుంది. తానే మరో అర్జున్ అయినప్పుడు తెలుస్తుంది. ఆ జ్ఞానాన్ని లోకానికి చెప్పే గొంతు అప్పటికి అతనికి ఉండదు. పరిశోధకుడు సత్యాన్ని కనుగొని, దానిని వెల్లడించే అధికారాన్ని కోల్పోవడం అనే ఈ ముగింపు ప్రక్రియాపరంగా సమర్థమైనది. పూర్వకథలో స్త్రీకి విధించిన మౌనాన్ని రాజ్యాధికారానికి ప్రతినిధియైన పోలీసుకు విధించడంలోని వ్యంగ్యం కూడా గుర్తించదగినది.

అయితే ఈ నిర్మాణానికి ఒక మూల్యం ఉంది. ముగింపు మెరుపు పనిచేయాలంటే, అహల్యకు ఏమి తెలుసో ప్రేక్షకునికి తెలియకూడదు. ఆమె గౌతమ్‌తో కలిసి వలపన్నిందా, లేక ఆమె కళ్లకు నిజంగా గౌతమే కనిపించాడా అన్నది చిత్రం తేల్చి చెప్పదు. ఈ అస్పష్టత కళాత్మకమైనదే. కాని దాని ఫలితం ఏమంటే, పేరు తనదైన చిత్రంలో అహల్యకు అంతరంగం లేకుండాపోయింది. ఆమె నవ్వు, చూపు, నడక అన్నీ ఇంద్ర ఎదుట సంకేతాలుగానే ఉంటాయి.

6. చూపు – ఎర

స్త్రీవాద చలనచిత్ర విమర్శకురాలు లారా మల్వే 1975లో ప్రచురించిన వ్యాసంలో, ప్రధానస్రవంతి సినిమాలో చూసేవాడు పురుషుడు, చూడబడేది స్త్రీ అన్న విభజనను విశ్లేషించారు. ‘అహల్య’ ఈ విభజనను తెలిసి వాడుకుంటుంది. తలుపు తెరుచుకున్న క్షణం నుండి కెమెరా ఇంద్ర చూపును అనుసరిస్తుంది. ప్రేక్షకుడు కూడా ఆ చూపులో భాగస్వామి అవుతాడు. చివరికి ఆ చూపే నేరంగా తేలి శిక్షకు గురైనప్పుడు, ప్రేక్షకుడు తన చూపును గురించి ఆలోచించుకోవలసి వస్తుంది. చిత్రానికి అనుకూలంగా చెప్పగల బలమైన వాదన ఇదే. స్త్రీని వస్తువుగా చూసిన పురుషుడు తానే అలంకరణ వస్తువయ్యాడు. చూసేవాడు చూడబడేవాడయ్యాడు.

ఈ వాదన సబబైనదే గాని అసంపూర్ణం. చూపును శిక్షించాలంటే ముందు దానిని రెచ్చగొట్టాలి. అందుకు చిత్రం అహల్య శరీరాన్ని వినియోగించుకుంది. పాశ్చాత్య ‘నువార్’ చిత్రాలలో పురుషుని పతనానికి కారణమయ్యే మోహిని పాత్ర ఒక స్థిరమైన మూస. అహల్య వలలో భాగస్వామి అనుకుంటే ఆమె ఆ మూసకు చేరుతుంది. వలపన్నినవాడు గౌతమ్, వలలో పడినవాడు ఇంద్ర, ఎర అహల్య. నీతి పరీక్ష ఇద్దరు పురుషుల మధ్య జరుగుతుంది. ఒకడు పరీక్షకుడు, మరొకడు పరీక్షితుడు. పరీక్షాపత్రం మాత్రం స్త్రీ శరీరం. ఆశ్రమంలో శాపాధికారం గౌతమునిది అయినట్టే ఈ ఇంటిలో రాయి యాజమాన్యం గౌతమ్‌దే. భార్యపై అనుమానంతో శపించిన ముని స్థానంలో, భార్యను చూపి పరాయివారిని పరీక్షించే కళాకారుడు వచ్చాడు. శాపం దిశ మారింది, శపించే చేయి మారలేదు.

7. సమ్మతి ప్రశ్న

అహల్యకు ఏమీ తెలియదనుకుంటే పరిస్థితి మరింత తీవ్రమవుతుంది. అప్పుడు పైగదిలో జరిగినది, భర్త అనే భ్రమలో ఉన్న స్త్రీ సమ్మతిని ఆ భ్రమ సంగతి తెలిసిన పురుషుడు వాడుకోవడం. భారతీయ శిక్షాస్మృతి 375వ సెక్షన్‌లోని నాలుగవ అంశం సరిగ్గా ఈ సందర్భాన్నే పేర్కొన్నది. తాను భర్త కాదని పురుషునికి తెలిసి, అతడు తన భర్తే అన్న నమ్మకంతో స్త్రీ ఇచ్చిన సమ్మతి చట్టదృష్టిలో సమ్మతి కాదు. ఆ చర్య అత్యాచారం. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత 63వ సెక్షన్ కూడా ఈ అంశాన్ని నిలుపుకొన్నది. గౌతముని రూపంలో వచ్చిన ఇంద్రుని కథ చట్టభాషలోకి మారితే దాదాపు ఇదే వాక్యమవుతుంది.

ఇంద్ర సేన్ పోలీసు అధికారి. ఈ నిబంధన తెలిసి ఉండవలసినవాడు. దర్శకుడు ఇంద్రునికి ఈ వృత్తి ఇవ్వడంలో లోతైన అవకాశం ఉంది. చట్టానికి రక్షకుడే ఆ అతిక్రమణకు పూనుకోవడం చిత్రానికి బలమైన కేంద్రం కాగలిగేది. కాని కథనం ఈ ఘటనను ఇంద్ర ప్రలోభంగా, అతని నైతిక వైఫల్యంగా మాత్రమే చూపింది. అహల్యకు జరిగిన ఉల్లంఘనగా చూపలేదు. ఒక పురుషుడు కనిపించకుండా పోతే విచారణ ఆ ఇంటి తలుపు తట్టింది. ఆ గదిలో అహల్యకు ఏమి జరిగిందని అడగడానికి చిత్రంలో ఎవరూ లేరు.

ఈ విధంగా చిత్రం రెండు అహల్యలకు తావిచ్చింది. తెలిసిన అహల్య అయితే ఎర, తెలియని అహల్య అయితే ఉపకరణం. బాలకాండలో కుతూహలంతో అంగీకరించిన అహల్య, ‘అహల్యాసంక్రందనము’లో ప్రేమించిన అహల్య, అనగా తన కోరికకు తానే కర్త అయిన మూడవ అహల్య, ఈ నిర్మాణంలో ఇమడదు. పూర్వకావ్యాలు నిందించడానికో వర్ణించడానికో అయినా గుర్తించిన ఆమె కోరికను ఆధునిక చిత్రం విస్మరించడం గమనార్హం.

8. రహస్యం ఎవరిది? – ‘కహానీ’, ‘అనామిక’

ఈ పరిమితి థ్రిల్లర్ ప్రక్రియకు సహజమైనదని అనుకోవచ్చు. ఉత్కంఠ కోసం ఏదో ఒక పాత్రను అపారదర్శకంగా ఉంచక తప్పదు కదా అన్న సమాధానం రావచ్చు. ఇదే దర్శకుని ‘కహానీ’ దీనికి ప్రత్యుదాహరణ. కనిపించకుండా పోయిన భర్తను వెదుకుతూ లండన్ నుండి కొల్‌కతాకు వచ్చిన గర్భిణి విద్యా బాగ్చీ కథ అది. చివరిలో ఆమె గర్భం, ఆమె వెదుకులాట రెండూ నటన అని తేలుతుంది. గర్భిణి పట్ల సమాజం చూపే జాలి, గౌరవం, నమ్మకం ఆమెకు ముసుగయ్యాయి. ‘కహానీ’లోనూ ప్రేక్షకునికి నాయిక అంతరంగం చివరివరకు తెలియదు. కాని ఆ రహస్యం ఆమెది. దానిని దాచినదీ, సమయం చూసి విప్పినదీ ఆమే. విప్పిన తరువాత ప్రేక్షకుడు గడిచిన ప్రతి సన్నివేశాన్ని ఆమె పక్షాన మళ్లీ చదువుకుంటాడు. ‘అహల్య’ ముగిసిన తరువాత కూడా ప్రేక్షకుడు కథను మొదటినుండి మళ్లీ చదువుకుంటాడు, అయితే గౌతమ్ పక్షాన.

‘కహానీ’ తెలుగులో శేఖర్ కమ్ముల దర్శకత్వంలో నయనతార నాయికగా ‘అనామిక’ (2014) అయింది. కథాస్థలం హైదరాబాదుకు మారింది. ముఖ్యమైన మార్పు, నాయిక గర్భిణి కాకపోవడం. స్త్రీకి బలం తెలపడానికి మాతృత్వపు చిహ్నం అవసరం లేదన్న ఆలోచనగా దీనిని అర్థం చేసుకోవచ్చు. అయితే గర్భం తొలగడంతో కథనంలోని ముసుగు కూడా తొలగింది. సమాజపు మూసను నాయిక తన ఆయుధంగా తిప్పుకొనే అవకాశం తగ్గింది. జెండర్ విషయంలో సదుద్దేశంతో చేసిన ఒక మార్పు, ప్రక్రియ అంతర్నిర్మాణంలో రహస్యం ఎక్కడుందో గమనించకపోతే బలహీనపడగలదని ఈ అనుసృజన తెలుపుతుంది. ‘అహల్య’కూ ఇదే వర్తిస్తుంది. అక్కడ సదుద్దేశం శిక్షను మార్చింది. రహస్యాన్ని మాత్రం ముట్టుకోలేదు.

9. ‘మృణ్మయనాదం’: ప్రశ్ననే తిరస్కరించిన అహల్య

లఘుచిత్రం వెలువడిన 2015లోనే వోల్గా ‘విముక్త’ కథాసంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అందులోని ‘మృణ్మయనాదం’ కథలో అడవిలో సీతకు అహల్య ఎదురవుతుంది. వచ్చినవాడు ఇంద్రుడని తెలుసా, తెలియదా అన్న ప్రశ్నకు ఈ అహల్య సమాధానం చెప్పదు. తెలిసినా, తెలియకపోయినా లోకం తనను చూసే తీరు ఒకటేనని, అసలు విచారణకు అంగీకరించడమే అధికారానికి లొంగడమని గ్రహించిన స్త్రీ ఆమె. ఆ మాటల బరువు సీతకు అప్పుడు అందదు. తన శీలాన్ని నిరూపించుకోవలసిన సందర్భాలు తనకే ఎదురైనప్పుడు అందుతుంది. తమిళంలో పుదుమైప్పిత్తన్ ‘శాపవిమోచనం’ కథలోనూ, సీతను రాముడు పరీక్షించాడని విన్న అహల్య మళ్లీ శిల అవుతుంది. రెండు కథలూ అహల్యను సీతకు ముడివేశాయి. ఒక స్త్రీ అనుభవం మరొక స్త్రీకి జ్ఞానమయ్యే దారిని తెరిచాయి.

‘మృణ్మయనాదం’ లోనూ మౌనముంది, ‘అహల్య’ చిత్రం లోనూ మౌనముంది. తనకు తెలుసో లేదో రెండింటిలోనూ అహల్య చెప్పదు. కాని ఈ రెండు మౌనాలూ ఒకటి కావు. వోల్గా అహల్య, చెప్పనని తానే నిర్ణయించుకున్నది. అడిగేవారికి ఆ అధికారం లేదన్నది ఆమె అభిప్రాయం. చిత్రంలోని అహల్య చెప్పకపోవడం దర్శకుని నిర్ణయం. ప్రేక్షకుని ఉత్కంఠ నిలపడానికి ఆమె నోరు మూయబడింది. మొదటిది పాత్ర మౌనం, రెండవది కథనం విధించిన మౌనం. నిడివి తక్కువ కావడం ఇందుకు కారణం కాదు. వోల్గా కథ కూడా చిన్నదే. పద్నాలుగు నిమిషాలలో ఇంద్ర ఆశ్చర్యం, అనుమానం, ప్రలోభం, భయం అన్నింటికీ చోటు దొరికింది.

మరొక తేడా కూడా పరిశీలించదగినది. చిత్రంలో అహల్య చుట్టూ ఉన్నవారందరూ పురుషులే. భర్త, అధికారి, బొమ్మలుగా మారినవారు. ఆమె మాటను మరో స్త్రీ వినే సందర్భం లేదు. థ్రిల్లర్ మూసిన గదిని కోరుతుంది. వోల్గా కథ అడవిని ఎంచుకుంది. ఎవరు వింటున్నారన్నదాన్ని బట్టి అహల్య ఏమి చెప్పగలదో మారుతుంది.

10. ముగింపు

‘అహల్య’ లఘుచిత్రం పురాణకథలోని దండనీతిని తలకిందులు చేసింది. పురుషుని చూపును దోషిగా నిలిపింది. ఒక పరిశోధన కథను అద్భుతంలోకి నేర్పుగా నడిపింది. ఈ గుణాలను తక్కువ చేయనవసరం లేదు. అయితే శిక్షాపాత్ర మారినంత మాత్రాన కథ స్త్రీది కాదు. రాయి గౌతమ్ చేతిలో ఉంది. అంతరంగం ఇంద్రకు దక్కింది. అహల్యకు మిగిలినవి పేరు, రూపం. ఆమెకు తెలుసా, తెలియదా అన్న ప్రాచీన ప్రశ్నను చిత్రం పరిష్కరించనూ లేదు, ‘మృణ్మయనాదం’ వలె తిరస్కరించనూ లేదు. ముగింపు మెరుపుకు దానిని ఇంధనంగా వాడుకుంది.

దీనినుండి థ్రిల్లర్ల జెండర్ విశ్లేషణకు ఒక ప్రమాణం లభిస్తుంది. ఎవరు గెలిచారు, ఎవరికి శిక్ష పడింది అన్న ప్రశ్నలతో ఆగకుండా, కథలోని రహస్యం ఎవరికి తెలుసు, ఎవరు దాచారు, వెల్లడించే అధికారం ఎవరిది, వెల్లడైన తరువాత ప్రేక్షకుడు ఎవరి పక్షాన కథను మళ్లీ చదువుకుంటాడు అన్న నాలుగు ప్రశ్నలు వేయాలి. ‘కహానీ’, ‘అనామిక’, ‘అహల్య’ ఈ ప్రశ్నలకు మూడు భిన్నమైన సమాధానాలిస్తాయి. తెలుగులో ఏటా వెలువడుతున్న లఘుచిత్రాలలో స్త్రీ ప్రధానపాత్రగా గల థ్రిల్లర్లను ఈ ప్రమాణంతో పరిశీలించడం పరిశోధకులు చేపట్టదగిన పని. తెలుగు విమర్శకు ఆ పనికి కావలసిన సంప్రదాయం కొరతపడదు. రంగనాథ రామాయణపు కోడికూత నుండి ‘మృణ్మయనాదం’ వరకు అహల్యకు ఏమి తెలుసు అని అడుగుతూ, చివరికి అలా అడిగే హక్కు ఎవరిదని ప్రశ్నించడం నేర్చుకున్న సాహిత్యమిది.